కిస్తీ ఆగదు.. మాత్రా ఆపొద్దు!
కర్రీ పాయింట్ పెట్టిన ఆర్నెల్లకు ఓ నలభై ఏళ్లాయన మా ఓపీకి వచ్చారు. బీపీ 180/110. ‘‘తలనొప్పి కూడా లేదు కదండీ, అందుకే మాత్రలు ఆపేశా’’ అన్నారు. బీపీకి లక్షణాలు ఉండాలనేం లేదు. చప్పుడు లేకుండానే గుండెను, కిడ్నీలను దెబ్బతీస్తుంది.

‘నిద్ర మానుకుంటేనే ఎదుగుతాం’ అనే ప్రసంగాలను నేను ఒప్పుకోను. చిన్న వ్యాపారంలో యజమాని మంచాన పడితే షట్టర్ మూతపడుతుంది. బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు.

అందుకే ముద్రా రుణానికి దరఖాస్తు పెట్టేముందే బీపీ, షుగర్ చూపించుకోండి. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. రోజూ 7 గంటల నిద్ర, వేళకు భోజనం మీ పెట్టుబడి లెక్కలోవే. పొద్దున్నే షాపులో అగరొత్తి వెలిగించేటప్పుడే డాక్టర్ రాసిన మాత్ర వేసుకోండి. ఇక మర్చిపోరు.