దయ్యమా, వ్యాధియా?

2010లో అమెరికాయందు వెలువడిన "ది లాస్ట్ ఎక్సార్సిజమ్" అను చలనచిత్రము, చేతికెమెరాతో తీసిన యథార్థ దృశ్యములవలె లూయిసియానాలోని యొక పల్లెపడుచు కథను చూపును. భూతోచ్చాటనము వట్టి మోసమని బయలుపెట్టుటకు మతబోధకుడే పూనుకొనును. పొగలు గ్రక్కు సిలువ గుట్టును తానే విప్పును. ఇంతవఱకు శ్లాఘ్యమే. తుదకు భూతమే నిజమని తేల్చుట యేల?

కల్పనకు సత్యవేషము వేయుట కళయే యగుగాక. ప్రాణము పోవు చోట అది యాట కాదు. 1976లో జర్మనీయందు మూర్ఛరోగియైన అన్నెలీసె మిషెల్ అను 23 ఏండ్ల యువతి, 67 మారులు ఉచ్చాటనము జరిగిన పిమ్మట, ఆహారము లేక కృశించి మరణించెను. వైద్యుని పిలువనందుకు తల్లిదండ్రులను, ఇద్దఱు మతాచార్యులను 1978లో న్యాయస్థానము దోషులని నిర్ణయించెను. నాటి ధ్వనిముద్రికలు మిగిలినవి, పిల్ల మిగులలేదు.

పాఠకులారా! తెరపై దయ్యమునకు వెఱచినను వెఱవుడు. ఇంట బిడ్డకు మూర్ఛ వచ్చిననాడు మాత్రము మొదట వైద్యుని పిలువుడు.