సేవ పేరుతో మేం చేసేదీ, చేయనిదీ

మేము మాడుగులపల్లి మండలం ఆడవాళ్లం. కొందరం బళ్లల్లో, అంగన్‌వాడీల్లో పనిచేస్తాం, కొందరం కుట్టుమిషను తొక్కుతాం, ఎక్కువమందిమి వరినాట్లకు కైకిలి పోతాం. సేవాసంఘంగా కూడుకున్నాం కనుక కట్టుబాట్లు ముందే రాసుకుంటున్నాం.

సభ్యత్వం సొంత పేరు మీదే. 1924లో మాంచెస్టర్‌లో మార్గరెట్ గోల్డింగ్ మొదలుపెట్టిన ఇన్నర్ వీల్ క్లబ్బు, రోటరీ సభ్యుల ఇళ్ల ఆడవాళ్ల కోసం పుట్టింది. రోటరీ తన నియమం మార్చి ఆడవాళ్లను చేర్చుకున్నది 1989లో. ఆ క్లబ్బులు చేసిన మేలును కాదనం. అయితే "ఫలానా ఆయన భార్య" అన్న అర్హత మా రిజిస్టరులో ఉండదు. భర్త సర్పంచైనా, మిల్లు యజమానైనా ఆమెకు ఒక్క ఓటే. 1931లో దేవరకొండలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడే ఆడవాళ్లు తమ సభ తాము జరుపుకున్న జిల్లా మనది, ఎవరి చాటునా నిలబడనక్కర్లేదు.

మొదటి పని రక్తహీనత మీద. రక్తదాన శిబిరం పెడదామని అందరూ అంటారు, ఫొటో బాగా వస్తుంది మరి. కానీ దాతకు హిమోగ్లోబిన్ 12.5 గ్రాములుండాలి. ఆ లెక్కకు మాలో ఎంతమందిని వెనక్కి పంపుతారో మాకే అనుమానం. అందుకే ముందు పరీక్ష, తర్వాతే దానం. గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 ఐరన్ మాత్రలు ఉపకేంద్రంలో ఊరికే ఇస్తారు. ఇంటికి చేరాక కడుపులో తిప్పుతోందనో, విరేచనం నల్లగా అవుతోందనో భయపడి డబ్బాలో పడేసేవాళ్లు ఉన్నారు. అది మందు గుణమేనని, చాయతో కాక నిమ్మకాయ నీళ్లతో మింగమని కూర్చొని చెప్పాల్సింది పక్కింటామె. ప్రతి వాడలో ఆ పక్కింటామె మాలో ఒకరు అయితీరాలి.

నాట్ల కాలంలో పగటి మీటింగులుండవు. ఒక రోజు కైకిలి పోగొట్టుకొని రమ్మని ఎవరినీ అడగం.

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మా మీదుగానే పోతుంది. ప్రమాదం జరిగితే పోలీసులు తిప్పుతారని జనం దగ్గరికి పోరు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. మంచి మనసుతో సాయపడ్డవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతమూ చేయరాదు. హోటళ్లవాళ్లకు, ఆటోవాళ్లకు ఈ మాట చేరవేస్తాం. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు రక్తం కారేచోట గుడ్డ అదిమి పట్టడం మేమూ నేర్చుకుంటాం.

బియ్యం, దుప్పట్లు ఇచ్చేటప్పుడు ఫొటో తీయం. తీసుకున్నామె రేపు బతుకమ్మ ఆడేటప్పుడు మా పక్కన తల ఎత్తుకొని నిలబడాలి. లెక్కలు నెలనెలా పంచాయతీ గోడ మీద అంటిస్తాం. పార్టీ కండువాలు మీటింగు గడప బయటే. భార్యను కొట్టే మనిషి ఎంత చందా ఇచ్చినా పుచ్చుకోం, ఈ ఒక్క విషయంలో బేరం లేదు. సన్మానాలు, శాలువాలు మాకొద్దు. ఆ డబ్బు హిమోగ్లోబిన్ పరీక్షలకు పోవాలి.

అధ్యక్షురాలి పదవి ఏడాదే. తన వాడలో తనకు అప్పగించిన ఇళ్లకు మూడు నెలలు పోని సభ్యురాలు ఆ పదవికి నిలబడరాదు.