జై జవాన్ సరే.. జవాన్ బిడ్డ కాలేజీ ఫీజు ఎవలు కట్టాలె?

కామారెడ్డి డిగ్రీ కాలేజీ గ్రౌండ్‌కు పొద్దుగాల ఐదింటికి పోయి చూడుండ్రి. చలైనా, బురదైనా పోరగాండ్లు ఉరుకుతనే ఉంటరు. కొందరు పోలీస్ నౌకరికి, కొందరు ఆర్మీకి. పదహారు వందల మీటర్లు ఎన్ని నిమిషాలల్ల కొడుతున్నరో ఒకలనొకలు అడుగుతరు. సర్వీస్ అయిపోయినంక ఏం దొరుకుతది, రేపు పిల్లల సదువుకు ఏం అస్తదని మాత్రం ఒక్కడు కూడా అడగంగ నేను ఇనలే. వాళ్ల తప్పేం లేదు. చెప్పినోళ్లు లేరు.

నాకు కూడా మొన్నమొన్నటి దాకా తెల్వదు. లింగంపేట దిక్కు ఊరాయన ఒకాయన మా ఇంటికి కాగితాల సంచి పట్టుకొని అచ్చినంకనే ఇవన్నీ చదివిన. ఆయన హవల్దార్‌గా దిగిపోయిండు. ఇరవై నాలుగేండ్ల సర్వీస్. ఇప్పుడు ఒక షాపు ముంగట నైట్ డ్యూటీ చేస్తున్నడు. బిడ్డ బీటెక్ రెండో సంవత్సరంల ఉన్నది. "తమ్మీ, గదేందో ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉన్నదట గదా, జర ఫారం నింపరాదు" అన్నడు.

ఫారం తీసి చూస్తే రెండు అడ్డాలు కనబడ్డయి. ఒకటి, మొదటి సంవత్సరంలనే దరఖాస్తు పెట్టాలె, రెండో ఏడాదిల కొత్తగ పెడితే తీసుకోరు. రెండోది, ఆయన డిశ్చార్జి బుక్కుల బిడ్డ పేరు ఇంట్ల పిలిచే పేరు ఉన్నది, పదో తరగతి మెమోల ఇంకో పేరు ఉన్నది. నేను మెల్లగ చెప్పిన. ఆయన చాన సేపు ఏం మాట్లాడలే. లేచి పోయేటప్పుడు ఒక్క మాట అన్నడు: "బార్డర్ల నిలబడ్డప్పుడు పేరు తప్పున్నదని ఎవ్వలు ఎనుకకు పంపలే తమ్మీ."

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్ల మోగుతనే ఉన్నది. అందుకే ఈ లెక్కలన్నీ మీ ముంగట పెడుతున్న.

అసలు ఏమేం ఉన్నయి?

పెద్దది ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం. 2006-07ల మొదలైంది. కేంద్రీయ సైనిక్ బోర్డు నడిపిస్తది. పైసలు జాతీయ రక్షణ నిధి నుంచి అస్తయి. ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500 చొప్పున లెక్కగట్టి ఏడాదికొక్కసారి బ్యాంకుల వేస్తరు. అంటే బిడ్డకు ఏడాదికి 36,000, కొడుకుకు 30,000. ఇంటర్ల 60 శాతం మార్కులు రావాలె. ఏటేటా పాస్ అవుకుంట 50 శాతం తెచ్చుకుంటేనే మల్ల అస్తది. యుద్ధంల చనిపోయినోళ్ల పిల్లలకు, భర్త పోయిన ఆడబిడ్డలకు, గాయపడ్డోళ్ల పిల్లలకు ముందుగాల ఇస్తరు. మామూలుగ రిటైరైన జవాన్ల పిల్లలు లైన్ల ఆఖరుకు ఉంటరు.

రెండోది, రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి కింద చదువు సాయం. హవల్దార్, అంతకంటే కింది ర్యాంకులోళ్ల పిల్లలకు, ఇద్దరి దాకా. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇస్తరు. చాన ఏండ్లు నెలకు వెయ్యి రూపాయలే ఉండె. 2025 నవంబర్ 1 నుంచి పెట్టే దరఖాస్తులకు దాన్ని 2,000 చేసిండ్రు. ఈ నిధికి పైసలు ఎక్కడియి అనుకుంటున్నరు? ఏటా డిసెంబర్ 7న స్కూల్ల చిన్న జెండా చొక్కాకు పెట్టి హుండీ పట్టుకొచ్చేటోళ్లు యాదికున్నరా? గా సాయుధ దళాల జెండా దినం పైసలే. మనం ఏసిన రూపాయే.

మూడోది సీట్ల కోటా. మన రాష్ట్రంల ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌ల క్యాప్ కేటగిరీ కింద 2 శాతం సీట్లు సైనికుల పిల్లలకు ఉంటయి. డిగ్రీ అడ్మిషన్ల 'దోస్త్'ల గూడ క్యాప్ ఉన్నది. దీనికి స్పెషల్ కేటగిరీ సర్టిఫికెట్ల వెరిఫికేషన్ వేరే రోజుల్ల ఉంటది. ఆ తారీఖు తప్పిపోతే కోటా పోయినట్టే.

ఇంకొక్క ముచ్చట. నాయిన సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ అయితే సైనిక్ బోర్డు స్కాలర్‌షిప్ రాదు. వాళ్లకు హోంశాఖ కింద వేరే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉన్నది. రెండిటి పేరు ఒక్కటే ఉండుడుతోని మనోళ్లు ఒక దాంట్ల పెట్టేది ఇంకో దాంట్ల పెట్టి ఏడాది పోగొట్టుకుంటున్నరు.

మరి గోస ఎక్కడున్నది?

సైనిక్ బోర్డు స్కాలర్‌షిప్ దేశం మొత్తం మీద ఏడాదికి 5,500 మందికి. సగం ఆడపిల్లలకు, సగం మగపిల్లలకు. మన సైన్యం నుంచి ఏడాదికి దగ్గర దగ్గర 60 వేల మంది రిటైర్ అయితరు. కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా ఉన్న మాజీ సైనికుల పిల్లలందరు ఆ 5,500ల పంచుకోవాలె. ఇది హక్కు లెక్క లేదు, లక్కీ డ్రా లెక్క ఉన్నది.

ఇంకోటి, ఇది ప్రొఫెషనల్ కోర్సులకే. బీటెక్, ఎంబీబీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ లాంటివి. మామూలు బీఏ, బీకాం చదివేటోళ్లకు రాదు. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, గాంధారి దిక్కు ఊర్లల్ల జవాన్ బిడ్డ ఏం చదువుతది? హైదరాబాద్ల హాస్టల్ ఖర్చు భరించలేక దగ్గర్ల ఉన్న కాలేజీల బీఏనో బీకామో చేరుతది. అంటే ఎవలికి అక్కర ఎక్కువనో వాళ్లకే దర్వాజ బంద్.

"ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది కదా" అంటరు. ఇక్కడ ఒక లెక్క చెయ్యుండ్రి. బీసీ, ఈబీసీ పిల్లలకు ఊర్లల్ల ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే కనీస పెన్షన్ 9,000. 2024 జనవరికి కరువు భృతి 50 శాతానికి చేరింది. 9,000కు 4,500 కలిపితే 13,500. పన్నెండు నెలలకు 1,62,000. అంటే అందరికంటే తక్కువ పెన్షన్ తీసుకునే జవాన్ గూడ ఆ గీత దాటిండు! గుంట భూమి లేకపోయినా, కిరాయి ఇంట్ల ఉన్నా, కాగితం మీద ఆయన "ఉన్నోడు". ఆ పరిమితి పెట్టినప్పటి ధరలేంది, ఇప్పటి ధరలేంది? అచ్చేటోళ్లకన్న టైంకు అస్తున్నదా అంటే, బకాయిలియ్యలేదని 2025 నవంబర్ల ప్రైవేట్ కాలేజీలు బందే పెట్టినయి.

ఇగ ఆఫీసు సంగతి. సైనిక సంక్షేమ ఆఫీసు నిజామాబాద్‌ల ఉన్నది. మనకు 2016 అక్టోబర్ల కామారెడ్డి జిల్లా అచ్చింది, కలెక్టరేట్ అచ్చింది. ఎల్లారెడ్డిల ఉండే భర్త పోయిన అవ్వ మాత్రం ఒక సంతకానికి, ఒక స్టాంపుకు రెండు బస్సులు మారాలె. సారు లీవుల ఉంటే మల్ల రావాలె. దాని తోవ ఖర్చు, పోయిన కూలి ఎవలు లెక్కగడుతరు?

అగ్నివీరుల సంగతి ఇంకా కష్టం

ఇప్పుడు గ్రౌండ్‌ల ఉరుకుతున్న తమ్ములకు అసలు ముచ్చట. 2022 జూన్‌ల అగ్నిపథ్ అచ్చింది. ఆ నెల 17న సికింద్రాబాద్ స్టేషన్‌ల ఏమైందో మీకందరికి ఎరుకే. ఒక పిల్లగాడు తూటాకు బలైండు. ఆ మంటల్ల, ఆ కేసులల్ల ఒక అసలు ప్రశ్న ఎనుకపడ్డది.

నాలుగేండ్లు చేసి దిగిన అగ్నివీరునికి సేవానిధి కింద దాదాపు 11.71 లక్షలు ఇస్తరు. అండ్ల సగం అతని జీతం నుంచి కోసిందే. వందల 25 మందిని దాకా ఉంచుకుంటరు, మిగిలినోళ్లు ఇంటికి. పెన్షన్ లేదు. "మాజీ సైనికుడు" అన్న గుర్తింపు గూడ లేదు. పైన నేను చెప్పిన సైనిక్ బోర్డు స్కాలర్‌షిప్, చదువు సాయం, ఇవన్నీ ఆ ఒక్క గుర్తింపు మీదనే నడుస్తయి. ఆ మాట లేకుంటే పిల్లలకు ఆ దర్వాజ తెరువది.

అతని సొంత చదువుకు ఇగ్నోతోని ఒక డిగ్రీ పెట్టిండ్రు, సర్వీస్‌ల నేర్చుకున్నదానికి సగం క్రెడిట్లు ఇస్తరు. పదో తరగతితోని చేరినోళ్లకు పన్నెండో తరగతి సర్టిఫికెట్ తొవ్వ చూపిండ్రు. మంచిదే, కాదనను. గని ఇరవై రెండేండ్ల పోరడు తుపాకి దించి అచ్చి క్లాస్‌రూంల కూసోని చదువుకుంట అంటే, కాలేజీ ఫీజు ఎవలు కట్టాలె? మొదటి బ్యాచ్ బయటికచ్చే టైం దగ్గర పడ్డది. జవాబు ఇప్పుడే కావాలె.

వేరే దేశం చూడుండ్రి. అమెరికాల 1944ల ఒక చట్టం చేసిండ్రు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి అచ్చిన సిపాయిలకు సర్కారే ఫీజు కట్టింది, బతకడానికి నెలనెలా పైసలిచ్చింది. 78 లక్షల మంది చదువో, పనో నేర్చుకున్నరు. 1947ల అక్కడి కాలేజీలల్ల చేరినోళ్లల్ల దగ్గర దగ్గర సగం మంది మాజీ సైనికులే. ఆ చట్టం సక్కగ అందరికి అందలే. నల్లజాతి సిపాయిలకు దక్షిణాది కాలేజీలు దర్వాజలు మూసినయి. చట్టం రాస్తేనే అయిపోదు, గడప దాకా రావాలె అనేదానికి అది గూడ పాఠమే. అమెరికాకు ఉన్నన్ని పైసలు మనకు లేవు, నిజమే. అయినా నాలుగేండ్లు నౌకరి ఇచ్చి, మూడేండ్ల డిగ్రీ ఫీజు కట్టలేనంత గరీబు దేశం మనది కాదు.

అడిగితే అయితదా?

అయితది. యుద్ధంల అమరులైన, అంగవైకల్యం అయిన సైనికుల పిల్లల ఫీజు సాయం మీద 2017ల కేంద్రం నెలకు పదివేలకు మించొద్దని గీత గీసింది. సైనిక కుటుంబాలు, మాజీ అధికారులు ఊకోలే. 2018 మార్చిల ఆ గీత తీసేసిండ్రు. అడిగిండ్రు గనుకనే అయింది.

మనం అడగాల్సినవి నాలుగు. ఎల్లారెడ్డిల నెలకొక్కసారి సైనిక సంక్షేమ క్యాంపు పెట్టాలె. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ మామూలు డిగ్రీకి ఇయ్యాలె, సంఖ్య పెంచాలె. ఫీజు రీయింబర్స్‌మెంట్‌ల జవాన్ పెన్షన్‌ను ఆదాయం లెక్కల నుంచి తియ్యాలె. అగ్నివీరులకు కనీసం చదువు విషయంలనన్న మాజీ సైనికుల గుర్తింపు ఇయ్యాలె.

ఇగ ఇయ్యాలనే మీరు చేయాల్సిన పని ఒకటున్నది. మీ ఊర్లె రిటైర్డ్ జవాన్ ఇంటికి పోండ్రి. డిశ్చార్జి బుక్కు తీపియ్యుండ్రి. పిల్లల పేర్లు ఉన్నయా, మెమోతోని కలుస్తున్నయా చూడుండ్రి. తేడా ఉంటే ఇప్పుడే సరి చేపియ్యుండ్రి, సీటు అచ్చినంక కాదు. ఇంటర్ సెకండియర్ల పిల్ల ఉంటే, "ఫస్టియర్ల చేరంగనే ఫారం పెట్టాలె" అని చెప్పుండ్రి. ఫోన్ మీ చేతుల్ల ఉన్నది, పదిహేను నిమిషాల పని.

లింగంపేట అన్న పెద్దబిడ్డకు ఇగ స్కాలర్‌షిప్ రాదు. చిన్నబిడ్డ ఇంటర్ల ఉన్నది. ఆ పిల్ల పేరు సరి చేపియ్యడానికి అచ్చే వారం ఇద్దరం కలిసి నిజామాబాద్ బస్సు ఎక్కుతున్నం.