తుంపర గట్టు దాటకుండా: పిచికారీ సహాయక పదార్థాలకు పరిమితులతో కూడిన సిఫారసు అవసరం

తెలుగు రాష్ట్రాల వర్షాధార ప్రాంతాల్లో మొక్కజొన్న, పత్తి పక్కపక్క చేలల్లో సాగవుతుంటాయి. వానాకాలంలో మొక్కజొన్నలోని వెడల్పాకు కలుపును నివారించడానికి 2,4-డి పిచికారీ చేసే నాటికి పక్క చేలోని పత్తి లేత దశలో ఉంటుంది. ఈ మందుకు అత్యంత సున్నితమైన పంటల్లో పత్తి ఒకటి. సిఫారసు మోతాదులో స్వల్ప భాగం సోకినా కొత్త ఆకులు వేళ్లలా చీలి బెండ ఆకులను తలపిస్తాయి, ఈనెలు దగ్గరపడతాయి, ఎదుగుదల కుంటుపడుతుంది. ఇక్కడ నష్టపోయేది పిచికారీ చేసిన రైతు కాదు, పొరుగు రైతు. మందు ఎంపికలోగాని, సమయ నిర్ణయంలోగాని అతనికి ఏ ప్రమేయమూ లేదు. కనుక తుంపర కొట్టుకుపోవడాన్ని పిచికారీ సామర్థ్యానికి సంబంధించిన సమస్యగా మాత్రమే చూడటం సరికాదు.

ఈ సమస్యకు పరిష్కారంగా పిచికారీ ద్రావణంలో కలిపే సహాయక పదార్థాల ప్రస్తావన వినవస్తున్నది. వీటి ప్రయోజనం వాస్తవమే. అయితే ఏ పదార్థం, ఏ నాజిల్‌తో, ఏ మందుకు అన్నది స్పష్టపరచకుండా సిఫారసు చేస్తే మేలు కంటే కీడే ఎక్కువ జరిగే అవకాశం ఉంది.

తుంపర ప్రయాణాన్ని ప్రధానంగా నిర్ణయించేది దాని పరిమాణం. నిశ్చలమైన గాలిలో 3 మీటర్ల ఎత్తు నుండి నేలకు చేరడానికి 100 మైక్రాన్ల తుంపరకు సుమారు 10 సెకన్లు, 20 మైక్రాన్ల తుంపరకు సుమారు 4 నిమిషాలు పడుతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుంటే ఆ 10 సెకన్లలో తుంపర దాదాపు 28 మీటర్లు కొట్టుకుపోగలదు. చతురస్రాకారపు ఎకరం చేను భుజం సుమారు 64 మీటర్లు మాత్రమే. డ్రోన్ల పిచికారీ విస్తరిస్తున్న ఈ రోజుల్లో ఈ లెక్క మరింత ప్రాధాన్యం సంతరించుకుంటుంది. తుంపర వ్యాసం సగానికి తగ్గితే ఒక తుంపరలోని నీరు 8 తుంపరలవుతుందన్నది కూడా గమనార్హం. ఒత్తిడి పెంచి పొగమంచులా పిచికారీ చేస్తే మందు బాగా పనిచేస్తుందన్న నమ్మకం కలుపు మందుల విషయంలో ప్రమాదకరం.

తుంపర కొట్టుకుపోవడాన్ని తగ్గించే పదార్థాల్లో పాలీఎక్రిలమైడ్ వంటి పొడవైన అణుగొలుసుల పాలిమర్లు, గోరుచిక్కుడు గింజల నుండి లభించే గ్వార్ గమ్ వంటి సహజ జిగురులు ముఖ్యమైనవి. ఇవి ద్రావణం సాగే గుణాన్ని పెంచి, నాజిల్ నుండి వెలువడే నీటిపొర అతి చిన్న తుంపరలుగా విడిపోకుండా చూస్తాయి. నూనె ఆధారిత పదార్థాలు కొన్ని వేరొక రీతిలో ఇదే ఫలితాన్నిస్తాయి.

అసలు చిక్కు పేరుతోనే మొదలవుతున్నది. దుకాణంలో రైతు అడిగేది 'జిగురు మందు'. అతని చేతికి వచ్చేది చాలాసార్లు తలతన్యతను తగ్గించి, మందు ఆకుపై పరచుకునేలా చేసే పదార్థం. తుంపర కొట్టుకుపోవడాన్ని తగ్గించడం దాని పని కాదు. పైగా కొన్ని నాజిళ్లతో అది సన్న తుంపరల శాతాన్ని పెంచవచ్చు కూడా. ఈ రెండు రకాలను ఒకే మాటతో పిలిచినంత కాలం సలహా గాడి తప్పుతూనే ఉంటుంది.

రెండవ పరిమితి ఆవిరికి సంబంధించినది. 2,4-డి ఇథైల్ ఎస్టర్ రూపం ఆకులపై, నేలపై పడిన తరువాత కూడా ఆవిరై పక్క పంటను చేరగలదు. తుంపరను పెద్దది చేసే పదార్థం ఈ ఆవిరిని ఆపలేదు. సున్నితమైన పంట పక్కన ఉన్నప్పుడు ఎస్టర్‌ను పూర్తిగా విడనాడటమే మార్గం. సోడియం, అమైన్ లవణాలకు ఆవిరయ్యే గుణం తక్కువే అయినా వాటి తుంపరలు గాలికి కొట్టుకుపోతాయి.

మూడవది కలుపు నివారణ సామర్థ్యం. 2,4-డి వంటి అంతర్వాహిక మందులు పెద్ద తుంపరలతోనూ చాలావరకు పనిచేస్తాయి. గ్లూఫోసినేట్ వంటి, ప్రధానంగా తాకిన చోటే పనిచేసే మందులకు ఆకు అంతా తడవాలి. పాలిమర్ మోతాదు మించితే పిచికారీ విసనకర్ర ఆకారం కుదించుకుపోయి, చేనులో చారలు చారలుగా కలుపు మిగులుతుంది. ట్రాక్టర్ పంపులో ద్రావణం పదేపదే తిరిగినప్పుడు పాలిమర్ గొలుసులు తెగి దాని ప్రభావం తగ్గుతుంది. కనుక విదేశాల్లో ట్రాక్టర్ బూమ్‌లపై వచ్చిన ఫలితాలను ఇక్కడి చేతి పంపులకు, తైవాన్ పంపులకు యథాతథంగా అన్వయించలేము.

సరైన నాజిల్, తక్కువ ఒత్తిడి, తక్కువ ఎత్తు, అనువైన గాలి ఉంటే సహాయక పదార్థమే అక్కరలేదన్న వాదన ఒకటుంది. వీటికే ప్రథమ స్థానం ఇవ్వాలనడంలో సందేహం లేదు. పురుగు మందులకు వాడే బోలు శంకు నాజిల్‌తోనే కలుపు మందు కొట్టే అలవాటు మానితే నష్టం గణనీయంగా తగ్గుతుంది. గాలి పూర్తిగా స్తంభించి, పొగ నేలకు దగ్గరగా పరచుకునే తెల్లవారుజామున సన్న తుంపరలు గాలిలోనే నిలిచిపోతాయన్న విషయాన్నీ రైతులకు చెప్పాలి. అయితే ఎకరం, రెండెకరాల కమతాల్లో గట్టు వెంట రక్షణ పట్టీ వదలమనడం ఆచరణలో కష్టం. ఆ ఖాళీని కొంతవరకు పూడ్చగలవు కనుకనే ఈ పదార్థాలు పరిశోధనకు అర్హమైనవి.

ఆ పరిశోధనకు ఖరీదైన పరికరాలు తప్పనిసరి కాదు. గాలివాలున 1, 2, 5, 10, 20 మీటర్ల దూరాల్లో కుండీల్లో పెంచిన పత్తి మొక్కలను, నీటికి రంగు మారే కాగితాలను ఉంచి, రైతులు వాడే పంపులతోనే సహాయక పదార్థం కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి పిచికారీ చేయవచ్చు. గాలి వేగాన్ని, కలుపు నివారణను కూడా నమోదు చేస్తే స్నాతకోత్తర విద్యార్థి ఒక్క వానాకాలంలోనే ప్రాథమిక సమాచారం అందించగలడు. రెండవ సంవత్సరం దానిని నిర్ధారించుకోవచ్చు.

అంతవరకు విస్తరణ సలహాల్లో 'జిగురు మందు కలపండి' అన్న ఒక్క వాక్యానికి తావుండరాదు. మందు రూపం, నాజిల్ రకం, పదార్థం పని, మోతాదు, పక్క పంట పేరు అనే అయిదు అంశాలూ ఉన్నప్పుడే దానిని సిఫారసుగా పరిగణించాలి. ఒక రైతు కలుపు ఖర్చు తగ్గించబోయి మరొక రైతు పత్తిని బలిచేసే సలహా, ఎంత మంచి ఉద్దేశంతో ఇచ్చినదైనా, శాస్త్రీయమైనది కాజాలదు.