కోసే కత్తి, కొట్టే కత్తి

ఉగాది వెళ్ళిందంటే ఆవకాయ రోజులు దగ్గరపడ్డట్టే. సంచికకు ఏదైనా రాయమన్న మిత్రులు, డాక్టర్ని కనుక రక్తపోటు గురించో మధుమేహం గురించో రాస్తాననుకుని ఉంటారు. నేను కత్తుల గురించి రాస్తున్నాను. కారణముంది.

నాలుగేళ్ళ క్రితం మా అమ్మ బుకిట్ పంజాంగ్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, టెక్కా మార్కెట్టు నుంచి టెంక ముదిరిన మామిడికాయలు తెచ్చాను. ఇంట్లో కత్తిపీట లేదు. నేను ముచ్చటపడి కొనుక్కున్న జపాన్ సాంటొకు కత్తి ఉంది. ఆదివారాలు దాన్ని 6000 గ్రిట్ రాయి మీద నూరి, కాగితాన్ని గాల్లో పట్టి కోసి, పిల్లలకు చూపించి మురిసిపోయేవాణ్ణి. అదే అమ్మ చేతికిచ్చాను. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కోసే కత్తిరా, కొట్టే కత్తి కాదు" అంది. నేను వినలేదు.

పన్నెండు కాయలయ్యాక చూస్తే వాదరలో గోరంత పెచ్చు లేదు. ముక్కలు పళ్ళెంలో పరిచి వెతికాం, అయస్కాంతం తిప్పి చూశాం. దొరకలేదు. అప్పటికే సగం ముక్కలు ఆవపిండి, కారం, నూనె కలిసి జాడీలో ఉన్నాయి. ఎవరి కడుపులోకి ఇనుము పోతుందో తెలియని ఊరగాయ ఇంట్లో ఉంచలేను. మొత్తం పారబోశాను. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు కూడా ఏమీ అనలేదు.

ఆపరేషన్ థియేటర్లో ఈ పొరపాటు చెయ్యను. చర్మం మీద పొడవాటి కోతకు 10వ నంబరు బ్లేడు, చీముగడ్డ పొడవడానికి మొన తేలిన 11, సున్నితమైన చిన్న కోతలకు 15. నంబరు చెప్పకపోతే సిస్టరే అడుగుతుంది. వంటింట్లో మాత్రం ఉల్లిపాయకూ టెంకకూ ఒకటే కత్తి!

సాంటొకు వాదరను ఒక్కో పక్క సుమారు 15 డిగ్రీల కోణంలో నూరుతారు. ఉక్కు గట్టిది కనుక ఆ పల్చటి అంచు చాలాకాలం నిలుస్తుంది; కానీ గట్టి దెబ్బకు వంగదు, విరుగుతుంది. జర్మన్ తరహా కత్తులు కాస్త మెత్తన, 20 డిగ్రీల దాకా ఉంటాయి. టెంకకూ ఎముకకూ 25 అయినా కావాలి, వెనక బరువుండాలి. ఇక్కడ దొరికే చైనా కత్తులు చూడగానే అన్నీ ఒకలాగే, వెడల్పుగా ఉంటాయి. అందులో పల్చటిది కూరగాయలకు, మందపాటిది ఎముకలకు. మనవాళ్ళు ఆకారం చూసి పల్చటిది కొని దాంతో మటన్ కొడతారు. కొనేముందు వీపు కాదు, వాదర పక్క మందం చూడండి.

పదును ఎంత నునుపైతే అంత మంచిదనుకోవడం నా రెండో భ్రమ. 6000 రాయి మీద నూరిన కత్తి చేపను అద్దంలా కోస్తుంది గానీ పండు టమాటా తొక్క మీద జారిపోతూ ఉంటుంది. 1000 రాయితో ఆపేస్తే మిగిలే కంటికి కనిపించని రంపపు పళ్ళే ఆ తొక్కను పట్టుకుంటాయి. ఇంటికి ఆ రాయి ఒక్కటి చాలు. కింద తడిగుడ్డ పరిచి, అవతలి పక్క అంచు వేలికి గరుకుగా తగిలేదాకా నూరి, తర్వాత తిప్పండి. కోణం తెలియకపోతే కాగితం మూలను రెండుసార్లు సగానికి మడవండి, 22 డిగ్రీలు వస్తుంది. రాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున మెరుగులేని అంచు ఉంటుంది, అదీ పనిచేస్తుంది. గుండ్రటి ఉక్కు కడ్డీ వంగిన వాదరను నిలబెడుతుందే తప్ప మొక్కవోయిన కత్తికి పదునివ్వదు. గాజు పలక మీద కూరలు తరిగేవారికి ఏ రాయీ చాలదు.

"ఇంత శ్రమెందుకు, మొద్దుబారితే కొత్తది కొంటే పోలా?" అంటారు మిత్రులు. కొనేలోపు ఆరునెలలు మొద్దు కత్తితోనే కోస్తారు కదా! మొద్దు కత్తిని నొక్కాలి, నొక్కితే జారుతుంది, జారితే వేలు. మా ఊళ్ళో సైకిలు తొక్కి సాన పట్టేవాడు వీధిలోకి వస్తే కత్తిపీటలన్నీ బయటికి వచ్చేవి. ఇక్కడ ఆ కేక లేదు, మనమే నూరుకోవాలి.

మరుసటి ఏడు మందపాటి కత్తి కొన్నాను. కింది అంతస్తు వాళ్ళు తలుపు తట్టకుండా మొద్దు కింద తువ్వాలు మడిచి వేసి, పగటిపూట అమ్మచేతే కొట్టించాను. ఒక్క పెచ్చు రాలలేదు.

ఈ వేసవికి అమ్మ మళ్ళీ వస్తోంది. ఆ కత్తికి నిన్ననే వాదర పెట్టాను. కాగితం కోసి చూడలేదు.