పానశాల పక్కనే సారా దుకాణం

దువ్వూరి రామిరెడ్డి పారశీక భాష నేర్చుకుని మరీ ఉమర్ ఖయ్యాం రుబాయీలను ‘పానశాల’గా తెలుగులోకి తెచ్చారు. ఆ పద్యాలంటే నాకు ప్రాణం. తాగేవాళ్ల పాటంటే నలుగురు కూడి పాడుకునేదే. మన సినిమా ‘దేవదాసు’ (1953) నాటి నుంచీ దాన్ని ఎక్కువగా ఒంటరివాడి ఏడుపు చేసేసింది. అసలు సంబరం తెలంగాణ తాటివనాల్లో ఉంది. గీత కార్మికుడు చెట్టు దిగి లొట్టి వంచుతుంటే, గొంతుక్కూర్చున్నవాళ్లు రెండు చేతులా ఆకు పట్టి చుక్క జారకుండా తాగుతారు. ఒకరు తాగుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆ ఆగే సేపట్లోనే మాట కలుస్తుంది, మాటలోంచి పాట లేస్తుంది. ఆ పాటను నేను తప్పుపట్టలేను. కానీ రామిరెడ్డి పుట్టిన నెల్లూరు జిల్లాలోనే, 1992లో, దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణానికి అడ్డంపడ్డారు. అక్షరాస్యత తరగతిలో చదివిన పాఠం వాళ్లను కదిలించింది. మొగుడి కూలి డబ్బు ఇల్లు చేరకముందే సారా ప్యాకెట్లకు పోతుంటే, పిల్లల గంజికి అప్పుచేసినవాళ్లు వాళ్లు. ఉద్యమం జిల్లాలు దాటింది; 1993లో ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండోదాన్ని ఎత్తేశారు. ఆ పోరాటంలో ఆడవాళ్లు పాటలు కట్టి పాడారు. మధువు మీద తెలుగు పాటల సంకలనం ఎవరు వేసినా, ఖయ్యాం పద్యాల పక్కనే వాటినీ అచ్చువేయాలి, అనుబంధంలోకి నెట్టకుండా.