క్లబ్బు ఎవ్వరి సొత్తు?

ఫుట్‌బాలు తుదిపోటీనాటి జనసమ్మర్దమును గూర్చి వ్రాయనివారు లేరు. క్రీడాసంవత్సరారంభమున జరుగు మొదటి నాలుగైదు పందెములకు వచ్చు ప్రేక్షకుని గూర్చి వ్రాయువారు అరుదు. ఇది సహజమే. అప్పటికి జయాపజయములు తేలియుండవు. పట్టికలో స్థానములకు నిలుకడ యుండదు. క్రొత్తగా జేరిన యాటగాండ్రకు ఒకరి పోకడ యొకరికి పట్టుబడక బంతి యొకవైపునకు, మనిషి యొకవైపునకు పోవుచుందురు. అయినను ఒక తరగతి మనుష్యులు ఆ పందెములకు తప్పక వచ్చెదరు. తొలకరి చినుకు పడగనే నాగలి కట్టు రైతు ఆకాశమును పూచీ యడుగడు. ఈ యభిమానియు అట్టివాడే. ఏ క్లబ్బుకైనను ఆయువుపట్టు విజయోత్సవమునాటి ఊరేగింపులో లేదు. ఫలము తెలియకముందే వచ్చి కూర్చుండు ఈ మనుష్యునియందే కలదు.

ఇట్టివానికి క్లబ్బుపై హక్కేమైన నున్నదా యని ప్రశ్నించినచో న్యాయశాస్త్రజ్ఞులు లేదనియే చెప్పుదురు. వాటాలు వేరొకరివి, పేరు, చిహ్నము, ఆటగాండ్ర ఒప్పందములు వేరొకరివి. ప్రేక్షకుడు టిక్కెట్టు కొన్నాడు, ఆట చూచినాడు, అంతటితో లెక్క తీరినది. ఈ వాదము మనకు క్రొత్తది కాదు. పన్ను మీరు కట్టుడు, పాలన మేము చేసెదము, మీ సమ్మతితో మాకు పనిలేదు అని యీ దేశముతో పలుకుచు వచ్చినవారిని మనము పూర్వ మెఱుగుదుము. రాజ్యమునకును ఆటకును భేద మున్నదనుట నిజమే. అయినను సమ్మతి లేని యధికారము చిన్నదైనను పెద్దదైనను దాని స్వభావ మొక్కటియే.

ఈ ప్రశ్న 2025లో మన యింటి ముంగిటికే వచ్చినది. హైదరాబాదు ఎఫ్.సి. అను క్లబ్బును దాని యజమానులు ఆ సంవత్సరమున ఢిల్లీకి తరలించి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యని పేరు మార్చిరి. నగరమున కొన్నిదినములు విచారము వ్యక్తమైనది. పిమ్మట జనులు తమ తమ పనులలో బడిరి. ఇంత సులభముగా మఱచిపోదగిన విషయ మిది కాదని మా యభిప్రాయము.

హైదరాబాదునకు ఫుట్‌బాలు అరువు తెచ్చుకొన్న వేడుక కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. 1950లో డ్యూరాండ్ కప్పు తుదిపోరున మోహన్ బగానును ఓడించినది. ఆ రహీమ్ శిక్షణలోనే భారతజట్టు 1951లో, మరల 1962లో ఆసియా క్రీడలందు స్వర్ణపతకము నార్జించినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవస్థానము పొందినది. సికిందరాబాదు ప్రాంతమున బుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బున జేరి అచ్చటివారి కంటివెలుగైనాడు. 1963లో రహీమ్ మరణించిన పిమ్మట ఈ వైభవము క్రమముగా క్షీణించినది. ఆటగాండ్రు జీవనోపాధికి కలకత్తాకును బొంబాయికిని పోయిరి. ఊరిలో మైదానములు తఱిగిపోయినవి.

ఇట్టి స్థితిలో 2019లో జాతీయ లీగునందు ఈ నగరమునకు క్లబ్బు లభించినది. అది లభించిన మార్గమును గూడ గుర్తుంచుకొనవలెను. పూనానగరమునందలి క్లబ్బు మూతపడగా దాని స్థానమున హైదరాబాదు వచ్చినది. పూనావాసుల దుఃఖము ఆనాడు మన చెవిని బడలేదు. ఏ త్రోవను వచ్చినదో ఆ త్రోవనే పోయినది.

ఆ తొలి సంవత్సరపు తొలిపందెములను తలచుకొన్నచో అభిమానమన నేమో తెలియును. అక్టోబరు 25వ తేదీని కలకత్తాలో మొదటి పందెము. ఐదు గోలులకు సున్న. రెండవది జంషెడ్పురమున; అదియు నోటమియే. ఇక నెవరు వత్తురు? అయినను నవంబరు 2వ తేదీని గచ్చిబౌలి మైదానమునకు జనులు వచ్చిరి. కేరళజట్టు ముందుగా గోలు చేసినను కడకు 2-1గా హైదరాబాదే గెలిచినది. ఆ సంవత్సరము ముగియునప్పటికి జట్టు పట్టికలో అట్టడుగున నుండెను. పిమ్మట మహమ్మారి కారణమున రెండు సంవత్సరములు పందెము లన్నియు గోవాలోనే జరిగినవి. 2022 మార్చి 20వ తేదీని ఇదే జట్టు ఫటోర్డా మైదానమున కేరళజట్టుతో 1-1గా సమముగా నిలిచి, పెనాల్టీలలో 3-1గా గెలిచి, దేశవిజేత యైనది. గోలురక్షకుడు లక్ష్మీకాంత్ కట్టిమణి ఆ దినమున మూడు పెనాల్టీల నడ్డుకొనినాడు. ఆ విజయయాత్రలో ఒక్క పందెమైనను హైదరాబాదు గడ్డపై జరుగలేదు. నగరపు అభిమాని యోటమిని కన్నులారా చూచినాడు. గెలుపును దూరమునుండి విన్నాడు.

తరువాతి చరిత్ర క్లుప్తముగా చెప్పదగినది. 2022-23లో రెండవస్థానము. 2023-24లో జీతములు చెల్లింపబడక విదేశీయు లగు ఆటగాండ్రు వెడలిపోగా, మిగిలిన యువకులతో 22 పందెము లాడి ఒక్కటి గెలిచి, 8 అంకెలతో అట్టడుగున నిలిచినది. ఆ పసివారిని చూచుటకును కొందఱు వచ్చిరి. 2024లో యాజమాన్యము చేతులు మారినది. 2025లో క్లబ్బే ఊరు మారినది.

యజమానుల పక్షమున జెప్పదగిన మాటలు లేకపోలేదు. క్లబ్బు నడుపుట కోట్లతో గూడిన పని. భారతదేశమున నష్టము లేక నడచుచున్న ఫుట్‌బాలు క్లబ్బు దుర్లభము. పైగా 2025లో జాతీయ సమాఖ్యకును, లీగును నడుపు సంస్థకును మధ్య ఒప్పందము గడువు తీరవచ్చుచుండగా క్రొత్త ఒప్పందము కుదరక, శరత్కాలమున ఆరంభము కావలసిన పందెములు నెలలతరబడి నిలిచిపోయినవి. ఖాళీ బల్లలను చూపి, జనాదరణ లేనిచోట ధనము పోయుమనుట న్యాయమా యని వారడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. కాని విజయము సాధించిన రెండేండ్లు ఊరికి దూరముగా నుండి, తిరిగివచ్చిన కొలదికాలమునకే జీతముల తగవులలో బడిన క్లబ్బునకు జనాదరణ యేల పెరుగలేదని ఊరిని నిందించుట, నీరు పెట్టక పైరు ఎండినదని భూమిని దూషించుటవంటిది.

మన గ్రామములలో దేవాలయములకు ధర్మకర్తలు కలరు. ఆలయమునకు మాన్యము లిచ్చినవారు కొందఱు, సొంతధనముతో గోపురము కట్టించినవారు కొందఱు. వారి మాట చెల్లును. ఉత్సవములు వారి యేర్పాటున జరుగును. కాని రాబడి తగ్గినదని ఏ ధర్మకర్తయైనను ఉత్సవవిగ్రహమును బండిపై నెక్కించి పొరుగుజిల్లాకు దీసికొనిపోవునా? పోయినచో ఊరివా రూరకుందురా? ధన మిచ్చుట వలన సంరక్షణాధికారము వచ్చును గాని, ఊరి భక్తిని ఊరినుండి పెకలించుకొనిపోవు నధికారము రాదు. గాంధీమహాత్ముడు ధనికులకు బోధించిన ధర్మకర్తృత్వము ఇదియే. క్రీడాసంఘములకు ఇది మిక్కిలి వర్తించును. ఏలయన క్లబ్బు విలువలో సగము ధనముచే గాక, జనుల యనురాగముచే గట్టబడినది.

ఇది భావుకత యని త్రోసివేయువారు ఇంగ్లండునందలి వింబుల్డన్ వృత్తాంతమును వినవలయును. 1889లో స్థాపింపబడి, 1988లో లివర్‌పూలును 1-0గా ఓడించి ఎఫ్.ఏ. కప్పు గెలిచిన క్లబ్బది. 1991లో సొంత మైదానమును వీడి పరుల మైదానమున తలదాచుకొన్నది. కడకు యజమానులు దానిని దూరమునందలి మిల్టన్ కీన్స్ పట్టణమునకు తరలింప నుద్దేశించిరి. 2002 మే 28వ తేదీని మువ్వురు సభ్యుల సంఘము 2-1 ఆధిక్యముతో అందులకు అనుమతించినది. అభిమానులు వేరొక క్లబ్బు పెట్టుకొనుట ఫుట్‌బాలు విశాలహితమునకు అనుకూలము కాదని కూడ ఆ సంఘము వ్రాసినది.

అభిమానులు రాళ్లు రువ్వలేదు. ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను క్లబ్బును తామే స్థాపించిరి. జూన్ నెలలో ఊరి పచ్చికబయలున పరీక్షలు పెట్టి, వచ్చిన 230 మందినుండి ఆటగాండ్రను ఏరుకొనిరి. జూలై 10వ తేదీని సటన్ పట్టణమున తొలి స్నేహపందెమున 4-0గా ఓడిరి. చూడవచ్చినవారు మాత్రము 4,000కు పైగా నుండిరి. ఆగస్టు 17వ తేదీని తొలి లీగుపందెము శాండ్‌హర్స్ట్ అను చిన్నయూర. అచ్చటి జట్టు పందెములకు సాధారణముగా కొలదిమందియే వత్తురు. ఆనాడు 2,000కు పైగా వచ్చి 2-1 విజయమును చూచిరి. ఆటలో ప్రతిభ యేమియు లేని శ్రేణి యది. ఆ సంవత్సరము సగటున 3,000 మందికి పైగా వచ్చినను పై శ్రేణి లభింపలేదు. అయినను విడువలేదు. తొమ్మిది సంవత్సరములలో ఐదు శ్రేణులెక్కి 2011లో ఫుట్‌బాలు లీగున బ్రవేశించిరి. 2020లో పూర్వపు మైదానము చెంతనే సొంత మైదానము కట్టుకొనిరి. తరలిపోయిన క్లబ్బు 2007లో, పాత వింబుల్డన్ బహుమతుల వారసత్వమును వింబుల్డనున్న మెర్టన్ ప్రాంతపు స్థానికసభకు అప్పగించినది. ధనముతో కొన్న పేరును పాలించినవారు కడపట చరిత్రను ఊరికి తిరిగి యీయవలసివచ్చినది.

మన దేశముననే మఱియొక దృష్టాంతము కలదు. 1911 జూలై 29వ తేదీని మోహన్ బగాను తూర్పు యార్క్‌షైర్ దళమును 2-1గా ఓడించినపుడు, ఒక్కరు తప్ప జట్టువారందఱు వట్టికాళ్లతో నాడిరి. ఆ గెలుపు యావద్దేశపు ఆత్మగౌరవము నిలిపినది. ఆ క్లబ్బు 2020లో వ్యాపారసంస్థతో గలసి, తన పేరునకు ముందు ఏ.టి.కె. అను మూడక్షరములను తగిలించుకొన్నది. అభిమానులు మూడేండ్లు నిరసించిరి. 2023 మార్చిలో విజేతలైన నాడే ఆ యక్షరములను తొలగించుచున్నట్లు యజమాని ప్రకటించినాడు. జట్టు గెలుచుచున్నను అభిమాని మౌనము వహింపలేదనుట గమనింపదగినది. గెలుపు వేఱు, గౌరవము వేఱు.

అభిమానులకును ధర్మ మున్నది. 1980 ఆగస్టు 16వ తేదీని కలకత్తా ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాను, ఈస్ట్ బెంగాల్ పందెమున చెలరేగిన కలహమున 16 మంది ప్రాణములు గోల్పోయిరి. తన జట్టుపై ప్రేమ పొరుగువానిపై ద్వేషముగా మారినచో హక్కు లడుగుటకు నోరుండదు. హక్కు కోరువాడు ముందు నిగ్రహము నేర్వవలెను.

ఇక కర్తవ్యము. జర్మనీదేశమున 1998 నుండి ఒక నియమ మున్నది: కొలది మినహాయింపులు తప్ప, క్లబ్బు సభ్యులకే సగముకంటె నెక్కువ వోట్లు ఉండవలెను. ఇంగ్లండున 2025లో జేయబడిన ఫుట్‌బాలు పాలనాచట్టము స్వతంత్ర నియంత్రణాధికారిని నియమించి, మైదానము, పేరు, చిహ్నముల విషయమున అభిమానులకు రక్షణ గల్పించినది. ఈ రెంటిని యథాతథముగా నెత్తుకొని రావలెనని మేమనము. కాని క్లబ్బులకు అనుమతిపత్ర మిచ్చు జాతీయ సమాఖ్య మూడు షరతులు విధింపవచ్చును. మొదటిది, ఊరు మార్పదలచినచో ఆ యూరి అభిమానుల మాట బహిరంగముగా వినవలెను. రెండవది, తరలిపోయినను పేరు, రంగులు, గెలుపుల చరిత్ర ఆ యూరికే మిగులవలెను. మూడవది, రిజిష్టరైన అభిమానసంఘమునకు పాలకవర్గమున నొక స్థానము, తగిన వాటా యుండవలెను.

సమాఖ్య చేయువఱకు మనము చేతులు ముడిచికొని కూర్చుండనక్కఱలేదు. డెక్కన్ లీజియన్ అను అభిమానసంఘము ఆ క్లబ్బున్న కాలమున జెండాలు పట్టి పాటలు పాడినది. వారికి గంతులు వేయుట మాత్రమే తెలియునని తలచుట పొరపాటు; తోడ్పాటు దొరికినచో వారు సంఘమును నడుపగలరు. జంటనగరములలో స్థానిక లీగులు గలవు. అందు సభ్యుల క్లబ్బు నొకదానిని నిలుపుటకు కోట్లు అవసరములేదు. భూవసతి గలవారు ఊరిచెంత నొక మైదానమును దీర్ఘకాలపు కౌలున కీయవచ్చును; పట్టణములందలి వర్తకులు, వకీళ్లు ఏటేట చిన్న చందా వేయవచ్చును. గ్రంథాలయములను, జాతీయపాఠశాలలను మన పూర్వులు ఇట్లే నిలిపిరి. వానిని ఎవ్వరును రాత్రికి రాత్రి ఢిల్లీకి మోసికొనిపోలేదు.

అట్టి క్లబ్బు మొదటి యేట ఓడిపోవచ్చును, మట్టినేలపై నాడవలసి రావచ్చును, మొదటి పందెమునకు రెండువందల మంది మాత్రమే రావచ్చును. ఆ రెండువందల మంది యజమానులై వత్తురు గాని గిరాకీలై కాదు. పాఠకమహాశయులలో ఫుట్‌బాలు రుచి యెఱిగినవారు తమ యూర నిట్టి ప్రయత్న మారంభమైననాడు తుదిపోటీకై వేచియుండక మొదటి పందెమునకే పోవుదురు గాక.